తాత్పర్యం మాస్టారి నిబ్బరం

కాలేజీలో తత్వశాస్త్రం చెప్పే మాస్టారికి పిల్లలు పెట్టిన పేరు తాత్పర్యం. ఏం జరిగినా ఆయన దాని సారం పిండుకుని, జరిగినదాన్ని మాత్రం అవతల పారేసేవాడు. తండ్రి పోయిననాడు ఇల్లంతా గొల్లుమంటుంటే, దుఃఖం ఒకరి నుంచి ఒకరికి ఎలా పాకుతుందో గమనిస్తున్నానని అక్కతో అన్నాడు. అక్క లాగి చెంప మీద కొట్టింది. దాన్నీ గమనించాడు, మహానుభావుడు.

అలాంటివాడికి పెళ్లాం ఎలా దొరికిందంటే, ఆవిడే వచ్చి దొరికింది. నాటకాల కంపెనీలో వేషాలకి బట్టలు కుట్టేది, అప్పుడప్పుడు చిన్నాచితకా వేషాలూ వేసేది. నవ్వితే పక్కింటికి వినపడేది, కోపం వస్తే గిన్నెలు మోగేవి. పుట్టింటివాళ్లు వద్దన్నా వినకుండా, ఈయన మౌనాన్ని చూసి లోతనుకుంది. నీళ్లు లేని బావి కూడా లోతుగానే ఉంటుందని పాపం ఎవరూ చెప్పలేదు.

ఆవిడ దెబ్బలాటకి దిగితే ఈయన బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని, "నీ కోణంలో నువ్వు చెప్పేది నిజమే" అనేవాడు. దెబ్బలాడటానికైనా మనిషి దొరకని కాపురం అది.

ఈమధ్య కంపెనీవాళ్లు ఆవిడకి పెద్ద వేషం ఇస్తామన్నారు. ఏడాదిపాటు వాళ్లతో ఊళ్లు తిరగాలి. ఆవిడ కుట్టుమిషన్ దగ్గర్నుంచి లేచి వచ్చింది.

"ఏమండీ, వెళ్లమంటారా, వద్దంటారా?"

"రెండు వైపులా న్యాయం ఉంది."

"న్యాయం ఎవరడిగారు? నేను లేకపోతే మీకెలా ఉంటుందో చెప్పండి."

"నా ఇష్టాన్ని నీ మీద రుద్దడం సంస్కారం కాదు."

"ఒక్కసారి రుద్దండి! లేదంటే నేనూ వస్తాననండి. అదీ చేతకాకపోతే ఆ పుస్తకమైనా నా మీదికి విసరండి!"

ఆయన పుస్తకంలో గుర్తుకి కాగితం ముక్క పెట్టి, జాగ్రత్తగా మూసి, ఆలోచించి చెబుతానన్నాడు. ఆవిడ పెట్టె సర్దుకునేదాకా ఆలోచిస్తూనే ఉన్నాడు.

బస్టాండుదాకా పెట్టె తనే మోశాడు. అలాంటి మర్యాదలకేం లోటు లేదు. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని ఈయన మొహంలోకే చూస్తోంది. అప్పుడు, ఎన్నడూ లేనిది, ఆయన గొంతుకేదో అడ్డం పడింది. ఇంకెవడైనా అయితే ఆ గొంతుతోనే "వద్దు, దిగు" అని ఏడ్చేవాడు.

"విచిత్రంగా ఉంది," అన్నాడు తాత్పర్యం. "నువ్వు వెళ్తుంటే గొంతు పట్టేసినట్టుంది. మనసుకంటే ముందే ఒంటికి తెలుస్తుందన్నమాట."

ఆవిడ కిటికీ ఊచ గట్టిగా పట్టుకుంది. "ఊఁ, తర్వాత?"

"తర్వాతేముంది? అదే గమనిస్తున్నాను."

ఆవిడ కళ్లు తుడుచుకుని ముందుకి తిరిగింది. బస్సు కదిలింది.

ఏడాది మాట ఒట్టిదేనని, ఆవిడ ఇక రాదని ఆయనకి అప్పుడు తెలిసొచ్చింది. పరిగెత్తాలనిపించింది. మలుపులో లారీ అడ్డం రావడంతో బస్సు ఆగింది కూడా. గట్టిగా పిలిస్తే వినపడేంత దూరమే. కానీ బస్టాండులో కాలేజీ పిల్లలు నలుగురు నిలబడి ఉన్నారు. మాస్టారు కళ్లద్దాలు సర్దుకుని, నిదానంగా నడుచుకుంటూ బయల్దేరాడు.

ఆయన మలుపు చేరకముందే లారీ తప్పుకుంది.