చెవిలో పడ్డ చింతకాయ తొక్కు

ఆ రోజుల్లో, అంటే వీధికో ఎస్టీడీ బూతూ మేడకో డిష్షూ మొలుస్తున్న కాలంలో, నేను చంద్రపూర్‌లో ఒక కాలేజీ ల్యాబులో కొత్తగా చేరాను. మరాఠీ రాదు, తెలిసినవాళ్లు లేరు. తుకుం అనే పేటలో అద్దెగదికి చేరాక నా పలకరింపులన్నీ తాళంకప్పతోనే (అది పాపం ఎప్పుడూ ఎదురు చెప్పలేదు). మాట్లాడేవాళ్లు లేక సాయంత్రానికి నాలుక అంగిటికి అతుక్కుపోయేది. ఒంటరితనం నోరెండగొడుతుందని నాకప్పుడే తెలిసింది.

అలాంటి నోటికి మా పెద్దసారు అప్పగించిన పని ఉమ్మి. లాలాజలంలో పెప్టైడ్లనే చిట్టి ప్రోటీన్లు కొన్ని ఉంటాయి. అవి ఈస్టు కణంలోకి జొరబడి, దాని లోపలి సరుకంతా బయటికి కారిపోయేలా చేసి చంపేస్తాయి. మన నోట్లో తెల్లపూత కట్టకుండా కాపలా కాసేవాటిలో అవీ ఉన్నాయి. అది కళ్లారా చూడాలంటే పొద్దున్నే, నోట్లో ఏమీ వేసుకోకుండా, చిన్న గాజుగొట్టం నిండా ఉమ్మి పట్టి తేవాలి. ఎంత తంటాలుపడ్డా నాకు గొట్టం అడుగు తడవలేదు. ఉమ్మడం కూడా నేర్పాలా అని సారు హిందీలో విసుక్కున్నారు. ఇది కూడా చేతకాకపోతే మూటాముల్లె సర్దుకుని ఊరెళ్లిపోదామనుకున్నాను.

మర్నాడు మెట్ల మీద గొట్టంతో కూర్చుంటే ఇంటి యజమానురాలు చూసింది. తెలంగాణ నుంచి బొగ్గుగని పనికొచ్చిన కుటుంబం వాళ్లదని నాకప్పటిదాకా తెలియదు. భర్త ఘుగ్గుస్ గనికి షిఫ్టుకెళితే ఆవిడా ఒక్కతే.

"ఏంది బిడ్డా, పొద్దుగాల్నే సీసల ఊంచుతున్నవ్?"

సంగతి చెప్పాను.

"గంతేనా? గిట్ల కూసో. పచ్చి చింతకాయ రోట్లేసి, పచ్చిమిరపకాయలు, ఉప్పు, జీలకర్రేసి కచ్చాపచ్చా దంచాలె. ఎల్లిగడ్డ పోపేసి, ఉడుకుడుకు అన్నంల..."

నోట్లో ఏమీ వేసుకోవద్దన్నారు గాని, చెవిలో వేసుకోవద్దని ఎవరూ అనలేదు. పోపు చిటపటలాడకముందే గొట్టం నిండింది.

ఉమ్మి కలపని గాజుపళ్లెంలో ఈస్టు తెల్లటి చుక్కలుగా మొలిచింది, కలిపినదాంట్లో అక్కడొకటి ఇక్కడొకటి. ఇక చాలన్నారు సారు. నాకు మాత్రం దిగులేసింది. అందుకే రోజూ పొద్దున్నే గొట్టం పట్టుకుని మెట్ల మీద కూర్చుంటూనే వచ్చాను. ఆవిడ రోజుకో తొక్కు చెబుతూనే ఉంది. ఒకరోజు గోంగూర మధ్యలో ఆగి, "నీ పని అయిపోయిందని నాకెర్కనే. సీస ఎందుకు, ఉత్తగనే రా బిడ్డా. నాకు గూడ పొద్దు పోవాలె గద" అంది.

ఇప్పటికీ పరాయి ఊళ్లో ఒంటరిగా ఉండి నోరెండితే, చింతకాయ తొక్కు నాకు నేనే చెప్పుకుంటాను. నోరైతే ఊరుతుంది. కానీ ఆ ఇంటి పెద్దమ్మ చెప్పని తొక్కులో ఎప్పుడూ ఉప్పు తక్కువే.