పరదేశమ్మ నాలుగో బిడ్డ

దయ్యాలున్నాయని నేనెప్పుడూ అనుకోలేదు. ఇప్పుడూ అనుకోవడం లేదు. ఇరవై రెండేళ్ళుగా నర్సింగ్ హోముల్లో ఆయాగా పని చేస్తున్నాను. పోయినవాళ్ళ కళ్ళు మూసి, దవడకి గుడ్డ కట్టి, ఒళ్ళు తుడిచి పంపించడం నా పనిలో భాగం. వాళ్ళలో ఒక్కరూ తిరిగొచ్చి నన్ను పలకరించింది లేదు. నన్ను ఏడిపించిందంతా బతికున్నవాళ్ళే.

అందుకని ఇది చదివి నన్ను పిరికిదాన్ని అనుకోకండి. ఇందులో అర్ధరాత్రి లేదు, పాడుబడ్డ ఇల్లు లేదు. అంతా పట్టపగలు, ఫ్యాన్లు తిరుగుతున్న ఆఫీసులో, నా వెనక నలభై మంది లైన్లో నిలబడి ఉండగా జరిగింది.

నా పేరు తవిటమ్మ. మా వాళ్ళది శ్రీకాకుళం వైపు. నాన్న ఓడరేవు డాకుల్లో కలాసీ పనికి కలకత్తా వచ్చి ఏక్‌బాల్‌పూర్‌లో ఒక గది తీసుకున్నాడు. నేను ఆ గదిలోనే పుట్టాను. ఆయన పట్టుబట్టి తెలుగు బడిలో వేశాడు కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. పెళ్ళి ఊసు ఇక్కడ అనవసరం. నాన్న పోయాక అమ్మా నేనూ టికియాపారాకి మారాం. అప్పట్నుంచి ఇద్దరమే.

మా వైపు వాళ్ళకి నా పేరు వినగానే సంగతి తెలిసిపోతుంది. మిగతావాళ్ళకి చెప్పాలి. ఒక ఇంట్లో పిల్లలు పుట్టి పుట్టి పోతుంటే, తర్వాత పుట్టిన బిడ్డని చేటలో పెట్టి పెంట మీద పడుకోబెడతారు. ఇంకో ఇల్లాలు వచ్చి ఆ బిడ్డని తీసుకుంటుంది. కన్నతల్లి గుప్పెడు తవుడు ఇచ్చి ఆవిడ దగ్గర కొనుక్కుంటుంది. ఈ బిడ్డ ఈ ఇంటిది కాదు, కొని తెచ్చుకున్నది, తవుడంత విలువ చెయ్యనిది అని, పాత బిడ్డల్ని తీసుకుపోయినదాన్ని ఏమార్చడం. అలా కొన్న పిల్లకి తవిటమ్మ అని పేరు పెడతారు.

అమ్మకి నాకంటే ముందు ముగ్గురు పుట్టారు. ముగ్గురూ పురుడు చెయ్యకముందే, సరిగ్గా తొమ్మిదో రోజున పోయారు. నన్ను గల్లీ చివర చెత్తకుప్ప మీద పడుకోబెట్టినప్పుడు తీసుకున్నది పక్క గది సకీనా, నేను ఖాలా (పిన్ని) అనేదాన్ని. ఆవిడ గోదాముల్లో గోనెసంచులు కుట్టేది. ఆవిడకి పిల్లల్లేరు. నేను ఆరో తరగతిలో ఉండగా ఆవిడ పోయింది. పోయేదాకా నన్ను "నా కూతురా" అనే పిలిచేది. నాకది ముద్దుగా అన్న మాటే అనిపించేది.

ఇక అసలు సంగతి. ఓటర్ల జాబితా సరిచేస్తున్నారని, నా కాగితాలు ఒకదానికొకటి పొసగడం లేదని, పుట్టిన కాగితంతో హియరింగ్‌కి రమ్మని నోటీసు వచ్చింది. పొసగకపోవడం నిజమే. బడిలో మాస్టారు అందరికీ వేసినట్టే నాకూ జనవరి ఒకటి వేశారు. రేషన్ కార్డులో ఇంకో ఏడాది ఉంది. నేను ఏ రోజు పుట్టానో ఇంట్లో ఎవరికీ తెలీదు. పెద్ద వాన పడిందని మాత్రం అమ్మ చెప్పేది. కలకత్తాలో వాన పడిన రోజు అంటే ఎవడు ఒప్పుకుంటాడు?

పుట్టిన కాగితం ఒకటి ఉండేది. అమ్మ ఇనప్పెట్టెలో అడుగున దాచింది. ఒక ఏడాది గదిలోకి మోకాల్లోతు నీళ్ళొచ్చి అది ముద్దయిపోయింది. దాన్ని నేనెప్పుడూ చదవలేదు. అమ్మకి చదవడం రాదు. అందుకని నకలు తీసుకుందామని సెలవు పెట్టి మునిసిపాలిటీ ఆఫీసుకి వెళ్ళాను.

పాత రికార్డులు వెతికే కౌంటర్లో రిటైర్మెంటుకి దగ్గరపడిన ఒక బెంగాలీ గుమాస్తా ఉన్నాడు. ఫారంలో తల్లి పేరు, పుట్టినప్పుడు ఉన్న ఇంటి చిరునామా మాత్రమే అడుగుతారు. పరదేశమ్మ అని, ఏక్‌బాల్‌పూర్ గల్లీ, గది నంబరు రాసి ఇచ్చాను. ఆయన చదివి కళ్ళజోడు పైనుంచి నన్ను చూశాడు.

"మళ్ళీ వచ్చారా దిదీ?" అన్నాడు.

ఇదే మొదటిసారి దాదా అన్నాను. అయితే మీవాళ్ళెవరో వచ్చి ఉంటారు, ఈ పేరు నాకు నోరు తిరగదు, అందుకే గుర్తుండిపోయింది అన్నాడు. మావాళ్ళంటూ ఎవరూ లేరు. అమ్మ మెట్లెక్కలేని మనిషి. పెద్దాయన కదా, పొరబడ్డాడనుకుని వదిలేశాను. పది రోజుల తర్వాత వెళితే, వెతికాం, అలాంటి రికార్డు లేదని చీటీ ఇచ్చారు.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. ఆవిడ బియ్యం ఏరుతోంది. రికార్డు లేదంటే కంగారు పడుతుందనుకున్నాను. పడలేదు. గుమాస్తా అన్న మాట చెప్పగానే చెయ్యి ఆపేసింది.

"ఎవులు అడిగినారట?" అంది.

ఎవరూ అడగలేదు, ఆయన పొరబడ్డాడన్నాను. ఆవిడ చేట పక్కన పెట్టి నెమ్మదిగా చెప్పింది. నేను పుట్టిన మర్నాడు పుట్టుక రాయించడానికి వార్డు ఆఫీసుకి వెళ్ళింది నాన్న కాదు, సకీనా ఖాలా. "పెంట మీద ఎడితే సాలదన్నాది సకీనా. కాయితం మీద కూడా నా పిల్లే అని రాయించెత్తాను, అప్పుడు ఎవులొచ్చి ఎతికినా నీ పేరు మీద దొరకదు అన్నాది. మీ నాన్న కూడా సరే అన్నాడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. దేవుడికి చెప్పిన అబద్ధం చాలక సర్కారుకి కూడా చెప్పి వచ్చారు. ఆ అబద్ధంతో ఇప్పుడు నేను ఈ ఊళ్ళో పుట్టలేదని తేలేలా ఉంది. అమ్మని చాలా మాటలు అన్నాను. అవన్నీ ఇక్కడ రాయలేను. ఆవిడ అన్నీ విని, "అది దిద్దించకే. దిద్దితే దొరికిపోతావు" అని ఒక్క మాట అంది.

మళ్ళీ ఆఫీసుకి వెళ్ళి సకీనా బీబీ పేరు మీద వెతికించాను. వారంలో దొరికింది. ఆడపిల్ల, పేరు గడి ఖాళీ, తల్లి సకీనా బీబీ, తండ్రి ఆవిడ మొగుడు, మా గల్లీ. నకలు చేతిలో పెట్టారు. నలభై దాటాక నా పుట్టినరోజు నాకు తెలిసింది. కానీ ఆ కాగితం హియరింగ్‌లో చూపిస్తే నేను తవిటమ్మని కాను, ఇంకెవరో అవుతాను.

దిద్దుకోవచ్చు, తల్లి బతికే ఉంది కాబట్టి పని సులువు అన్నాడు గుమాస్తా. ఆవిడ వచ్చి అధికారి ఎదుట వేలిముద్ర వెయ్యాలి. దిద్దుబాటు ఫారంలో బిడ్డ ఇప్పటి పేరు, కన్నతల్లి పేరు, ఇప్పుడుంటున్న చిరునామా రాయాలి. రెండు వారాల్లో కొత్త కాగితం వస్తుంది. హియరింగ్‌కి మూడు వారాలుంది.

అమ్మని ఒప్పించడానికి నాలుగు రోజులు పట్టింది. నేను అన్నం మానేశాను, ఆవిడా మానేసింది. చివరికి ఆవిడే మెత్తబడింది. "నీ పేరు కొట్టీసి నిన్నెక్కడికో తోలీస్తే నానేటి సేస్తాను. పద, ఏలు ముద్దర ఏసెత్తాను" అంది. టాక్సీలో తీసుకెళ్ళి, ఇద్దరు మనుషుల సాయంతో మెట్లెక్కించి, అధికారి గది ముందు బెంచీ మీద కూర్చోబెట్టాను. ఫారం అంతా నేనే నింపాను.

మా వంతు రావడానికి టైముంది. ఊరికే కూర్చోలేక ఆ గుమాస్తా దగ్గరికెళ్ళి, ఆ రోజు మళ్ళీ వచ్చారా అని ఎందుకన్నారు దాదా అని అడిగాను. ఆయనకీ అది మనసులో పీకుతున్నట్టుంది. వెతుకులాట దరఖాస్తుల రిజిస్టరు తీసి నా ముందు తిప్పాడు. నా దరఖాస్తుకి రెండు పేజీల ముందు ఇంకొకటి ఉంది. తల్లి పేరు పరదేశమ్మ. మా గల్లీ, మా గది నంబరు. ఫలితం: దొరకలేదు. అడిగినవారి పేరు దగ్గర ఒక గీత.

ఆ పుస్తకంలోనే అలాంటివి నాలుగు కనిపించాయి. ఆయన లేచి బీరువాలోంచి పాతవి తెచ్చాడు. ఏడాదికొకటి, ఒక్కోసారి రెండేళ్ళకొకటి. గుమాస్తాలు మారారు, చేతిరాతలు మారాయి. రాసిన విషయం మారలేదు. అడిగినవారి పేరు దగ్గర అందరూ గీతే పెట్టారు. అన్నిటికంటే పాతది పేజీ అంచులు రాలిపోతున్న పుస్తకంలో ఉంది. చేతిలో నకలు ఉంది కాబట్టి రోజులు లెక్కపెట్టుకున్నాను. అది నేను పుట్టిన తొమ్మిదో రోజు.

ఎవరొస్తారు దాదా అని అడిగాను. చెప్పబోయి ఆగాడు. "ఓపిగ్గా నిలబడతారు. లేదంటే గొడవ చెయ్యరు. సరే, మళ్ళీ వస్తానంటారు" అన్నాడు. ఆడమనిషా, మగమనిషా అన్నాను. ఆయన చెమట పట్టిన మొహం తుడుచుకుని, గుర్తు రావడం లేదు దిదీ అన్నాడు. ఆ మనిషి అబద్ధమాడుతున్నట్టు నాకు అనిపించలేదు. జబ్బు మనుషుల మొహాలు చూసి చూసి నాకు ఆ మాత్రం తెలుసు.

ఆలోచించాను. కాగితాలు అమ్ముకునే దళారుల పని కావచ్చు. కానీ తొమ్మిది రోజుల పిల్ల కాగితంతో దళారికి ఏం పని? నలభై ఏళ్ళు పైగా ఎవడు తిరుగుతాడు? ఎవరూ రాకపోయినా గుమాస్తాలే పాత పేజీల్లోది చూసి కొత్త పుస్తకాల్లోకి ఎక్కించేసి ఉండొచ్చు. మరి ఈయన చూసిన మనిషి ఎవరు? తిరిగి చూస్తే బెంచీ దగ్గర అమ్మ బొటనవేలికి ప్యూను సిరా పూస్తున్నాడు. బల్ల మీద నా ఫారం ఉంది. అందులో నా పేరు, ఆవిడ పేరు, టికియాపారా చిరునామా, అన్నీ నా చేతిరాతతోనే ఉన్నాయి.

నాకు అప్పుడు భయం వేసింది. వెళ్ళి అమ్మ చెయ్యి లాక్కుని నా చీర కొంగుతో ఆ సిరా తుడిచేశాను. ప్యూను తిట్టాడు. అమ్మ నా మొహం చూసి లేచి నిలబడింది. ఆ ఫారం నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుని ఇంటికి తీసుకొచ్చేశాను.

హియరింగ్‌లో బడి కాగితం ఒక్కటే చూపించాను. చాలదన్నారు. నా పేరు తీసేశారు. అప్పీలు చేసుకోవచ్చట, దానికీ అదే కాగితం కావాలట. ఆ నెలల్లో అమ్మ రోజూ సాయంత్రం, "ఆ కాయితం ఇచ్చీసావేటి?" అని అడిగేది. లేదమ్మా అనేదాన్ని. అప్పుడు పడుకునేది.

నాలుగు నెలలకి అమ్మ పోయింది. ముసలితనం, గుండె. అందులో వింతేమీ లేదు. నా చేతులతోనే కళ్ళు మూసి, దవడకి గుడ్డ కట్టాను. శ్మశానం చీటీ తీసుకుని చావు రాయించడానికి అదే ఆఫీసుకి వెళ్ళాను. ఆ గుమాస్తా రిటైరయ్యాడట, కొత్తమ్మాయి కూర్చుని ఉంది. ఫారంలో మొదటి గడి, చనిపోయినవారి పేరు, పరదేశమ్మ. చెప్పేవారి పేరు. వారితో సంబంధం. చెప్పేవారి చిరునామా.

ఆ రిజిస్టర్లలో ఏముందో నాకు ఈరోజుకీ అర్థం కాలేదు. ఎవరినైనా అడిగితే నవ్వుతారని తెలుసు. నేనైనా నవ్వేదాన్నే. సంబంధం గడి దగ్గర పెన్ను పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. వెనక లైన్లోవాళ్ళు విసుక్కుంటున్నారు. వెనక్కి తిరిగి ఎవరున్నారో చూడలేదు. పక్కింటి మనిషిని అని రాశాను. చిరునామా దగ్గర మా పక్క గది నంబరు వేశాను.

ఆ అమ్మాయి చదివి, పాపం, ఆవిడకి పిల్లలు లేరా అంది.

ముగ్గురు పుట్టారు, ముగ్గురూ పురిట్లోనే పోయారు అని గట్టిగా, వెనకున్న అందరికీ వినపడేలా చెప్పి సంతకం పెట్టాను.