పెడదామండీ, ఏది తీసేద్దాం?

త్రినాథరావు గారికి ‘కుదరదు’ అనే మాట రాదు. ‘సరే’ అనే మాటా రాదు. ఆయన్ని ఎవరు ఏది అడిగినా, “పెడదామండీ. ఏది తీసేద్దాం?” అంటారు. అని ఊరుకుంటారు. ఎదుటివాళ్లు జవాబు చెప్పేదాకా ఆ మొహంలో ఏ కదలికా ఉండదు. ఈలోగా మనకి చిరాకొచ్చినా, ఆకలేసినా అది మన ఇష్టం.

ఆయన మా ప్రాజెక్ట్ మేనేజర్. దిల్‌సుఖ్‌నగర్‌లో గాజుల దుకాణం పైన ఉన్న మా సాఫ్ట్‌వేర్ కంపెనీలో నేను టెస్టర్ని. అంటే ఇతరులు చేసిన పనిలో తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఆ లెక్కన త్రినాథరావు గారిలో నేను పట్టిన తప్పులకి నాకు ఈపాటికి జీతం పెరగాలి.

ఆఫీసు కింద ఇడ్లీ బండి ఉంది. ఒకరోజు బండాయన ప్రేమగా, “ఇంకింత అల్లం చట్నీ ఏద్దునా సార్?” అన్నాడు.

“వెయ్యండి. పల్లీ చట్నీ తీసేయండి.”

“పైసలేం తీస్కోను సార్. ఊరికెనే ఏస్తున్న.”

“ఊరికే వేసినా ప్లేటు పెద్దదవదు కదండీ.”

బండాయన నా వైపు చూశాడు. నేను రోడ్డు వైపు చూశాను.

పోనీ ఇది మన మీద వాడడానికి తయారుచేసుకున్న తెలివా అంటే, కాదు. ఆయన మీద కూడా ఆయనకి జాలి లేదు. చంపాపేట్‌లో వాళ్ల ఫ్లాటు బాల్కనీలో గులాబీ కుండీ పెడదామంది ఆయన భార్య ఉదయలక్ష్మి గారు. ఈయన అలవాటుగా అడిగారు. ఆవిడ కూడా తడుముకోకుండా, “మీ కుర్చీ,” అంది. అప్పట్నుంచీ ఆయన బాల్కనీలో నిలబడే పేపరు చదువుతున్నారు.

మా కంపెనీ యజమాని మురళీకృష్ణ ఇందుకు పూర్తిగా భిన్నం. క్లయింటు ఇంకా అడగని వాటికి కూడా ‘అయిపోద్ది’ అనేస్తాడు. ఇలాంటి మనుషులిద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టినవాడు అంతయ్య. ఆయనకి ఎల్బీ నగర్ దగ్గర పెద్ద ఫంక్షన్ హాలు ఉంది. హాలు ఫోన్లోనే బుక్ చేసుకునేలా సాఫ్ట్‌వేర్ కావాలని వచ్చాడు. పాపం, మొదట్లో అంతే అడిగాడు.

తర్వాత వారం, “మస్తుగున్నది సారూ. గిట్లనే గుర్రం గూడ బుక్ చేస్కునేటట్టు పెట్టుర్రి,” అన్నాడు.

“అయిపోద్ది,” అన్నాడు మురళీకృష్ణ.

“పెడదామండీ. ఏది తీసేద్దాం? బ్యాండు మేళం తీసేద్దామా?”

“బ్యాండు తీస్తే గుర్రం నడుస్తదా సారూ? దానికి అలవాటు.”

త్రినాథరావు గారు చాలాసేపు ఆలోచించారు. “అయితే కుర్చీల కవర్ల రంగు ఎంచుకునేది తీసేద్దాం.”

“తీసెయ్‌ర్రి. ఎట్లాగూ నా తాన ఎర్రయే ఉన్నయ్.”

పోతూ పోతూ అంతయ్య నా దగ్గర ఆగి, “ఏం మనిషమ్మా గీయన, తన జేబులకెళ్లి తీసి ఇచ్చినట్టు జేస్తడు,” అన్నాడు. నాకూ అలాగే అనిపించేది. క్లయింటు అడిగితే నవ్వుతూ తలూపితే ఈయన సొమ్మేం పోయిందని లోపల్లోపల తిట్టుకున్న రోజులున్నాయి.

ఆ సాఫ్ట్‌వేర్ అంతా రాసింది రమ్య. నల్గొండ పక్క పల్లెటూరి పిల్ల, మాట తక్కువ, పని ఎక్కువ. సాఫ్ట్‌వేర్ కూడా పంతులు పెట్టిన ముహూర్తానికే మొదలవ్వాలని అంతయ్య పట్టుబట్టాడు. పంతులు మంచి ముహూర్తమే చూశాడు. మంచి ముహూర్తమన్నాక అందరికీ మంచిదే కదా. సరిగ్గా అదే ముహూర్తానికి రమ్య పెళ్లి కూడా కుదిరింది.

పని ముందే పూర్తిచేసి వెళ్తానని చెప్పి పెళ్లి సెలవు పెట్టుకుంది. పూర్తిచేసింది కూడా. అప్పుడు అంతయ్యకి ఇంకో ఆలోచన వచ్చింది. భోజనాల దగ్గర ఏ బంతిలో ఎంతమంది కూర్చున్నారు, ఇంకా ఎంతమంది కాచుకుని ఉన్నారు అనే లెక్క వంటాయన ఫోన్లో కనపడాలన్నాడు. మొదలుపెట్టే రోజే కనపడాలన్నాడు. మురళీకృష్ణ ఏమన్నాడో వేరే చెప్పక్కర్లేదు.

“రమ్యా, సెలవు ఇచ్చాం. కాదనను,” అన్నాడతను ఎంతో దయగా. “మండపంలో నెట్ ఉంటుందా?”

“తెల్వద్ సార్.”

“జీలకర్ర బెల్లానికీ తలంబ్రాలకీ మధ్య కొంచెం ఖాళీ దొరుకుతుందిలే. పావుగంట చాలు.”

రమ్య నా దగ్గరికొచ్చి కూర్చుంది. “అక్కా, వద్దంటే ఉద్యోగం తీసేస్తడేమో. పెండ్లయినంక ఇద్దరి జీతాలు లెక్కేసుకునే ఇల్లు కిరాయికి మాట్లాడుకున్నం. ఒప్పుకుంటే అటు వాళ్ల ముందట మా అమ్మ తల ఎట్ల ఎత్తుకుంటది?”

నేరుగా త్రినాథరావు గారి దగ్గరికి వెళ్లాను. “సర్, మీరైనా చెప్పండి.”

“ఏం చెప్పాలండీ?”

“కుదరదని.”

“ఆ మాట నాకు రాదండీ,” అన్నారు. చేతిలో ఉన్న సీసాలో నీళ్లు ఆయన నెత్తిన పొయ్యాలన్నంత కోపం వచ్చింది నాకు.

మర్నాడు అంతయ్య వచ్చాడు. అందరం కూర్చున్నాం. త్రినాథరావు గారు తన పాత పాటే అందుకున్నారు. “పెడదామండీ. ఏది తీసేద్దాం?”

“గీసారి ఏం తియ్యొద్దు సారూ. అన్నీ ఉండాలె.”

“ఉంటాయి,” అన్నాడు మురళీకృష్ణ.

“అలా ఉండవండీ. మనం తియ్యకపోయినా ఏదో ఒకటి ఎక్కడో పోతుంది. అదేంటో ముందే తెలుసుకుంటే నయం కదా అని అడుగుతుంటాను. ఈసారి మా సారు పెళ్లికూతుర్ని తీసేశారు.”

అంతయ్య కుర్చీలో ముందుకు జరిగాడు.

“ఎవ్వల పెండ్లికూతుర్ని?” అన్నాడు అంతయ్య.

“మన రమ్యని. మీ ముహూర్తమే ఆ అమ్మాయిదీనూ. పీటల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని మీ బంతుల లెక్క చేస్తుంది. మీకు అనుభవం ఉంది కాబట్టి అడుగుతున్నానండీ. నుదుటికి బాసికం కట్టాక స్క్రీన్ సరిగ్గా కనపడుతుందంటారా?”

ఆయన నిజంగా సందేహం తీర్చుకోవడానికి అడిగినట్టే అడిగారు.

అంతయ్య రమ్య వైపు చూశాడు. మురళీకృష్ణ వైపు చూశాడు. “కరెంటు వోయిన పెండ్లి జూసిన. అన్నం తక్కువవడ్డ పెండ్లి జూసిన. పిల్ల పీటల మీద ఆఫీసు పని జేసుడు ఏడ జూడలే.”

“పావుగంటేనండీ,” అన్నాడు మురళీకృష్ణ.

“మీ పెండ్లిల మీరు గూసున్నరా గట్ల?” అని అంతయ్య లేచాడు. “నేను బతికేదే పెండ్లిళ్ల మీద సారూ. గా బంతి లెక్క తీసెయ్‌ర్రి. ముహూర్తం గూడ తీసెయ్‌ర్రి, పంతుల్ని ఇంకోటి అడుగుత.” తర్వాత రమ్యతో, “నన్ను పిల్వనే లేదు గద బిడ్డా,” అన్నాడు నొచ్చుకుంటూ. రమ్య గబగబా బ్యాగులోంచి శుభలేఖ తీసి ఇచ్చింది.

పెళ్లి అల్మాస్‌గూడలో జరిగింది. అంతయ్య అందరికన్నా ముందొచ్చి, ఆ హాలు ఫ్యాన్లు లెక్కపెట్టి పెదవి విరిచాడు. నేను ఉదయలక్ష్మి గారి పక్కన కూర్చున్నాను. “సర్‌కి ఈ అలవాటు మొదట్నుంచీ ఉందాండీ?” అని అడిగాను.

“లేదమ్మా. పెళ్లికి ముందు అన్నిటికీ సరే అనేవారు. మా పెళ్లి వీడియో చూస్తే తెలుస్తుంది. నేను తలంబ్రాలు పోస్తున్నాను, ఈయన చెవి దగ్గర ఫోను. ఎవరో క్లయింటుకి సాఫ్ట్‌వేర్‌లో ఏదో బటన్ కావాలట. నా తలంబ్రాలన్నీ ఆ ఫోను మీదే పడ్డాయి.”

“మీకు కోపం రాలేదా?”

“వచ్చింది. బియ్యం లోపలికి పోయి ఫోను పాడయ్యాక తగ్గింది.” ఆవిడ నవ్వింది. “ఆ తర్వాత తన దగ్గర పనిచేసేవాళ్ల పెళ్లికి గానీ పురిటికి గానీ ఫోను వెళ్లనివ్వలేదమ్మా. అడిగితే మాత్రం ఒప్పుకోరు.”

మా అమ్మ దవాఖానలో ఉన్నన్నాళ్లూ ఆఫీసు నుంచి నాకు ఒక్క ఫోనూ రాలేదు. నన్ను మరిచిపోయారని అప్పట్లో అలిగాను కూడా. త్రినాథరావు గారి వైపు చూశాను. ఎప్పుడూ ఉండే మొహమే. ఈ మనిషిని ఇన్నాళ్లూ తిట్టుకున్నానే అని సిగ్గేసింది, ఆయన మీద ఎంతో ఇష్టమూ కలిగింది.

తలంబ్రాలు మొదలవుతుండగా ఆయన ఫోను మోగింది. మురళీకృష్ణ. త్రినాథరావు గారు పేరు చూసి, మాట్లాడకుండా ఫోను పక్కనున్న అంతయ్య చేతిలో పెట్టారు.

అంతయ్య కాసేపు విన్నాడు. “ఎవ్వలో కొత్త క్లయింటట. రమ్యను ఒక్కటే మాట అడగాల్నట,” అని మాకు చెప్పి, ఫోన్లో, “పిల్ల ఖాళీ లేదు సారూ. నేను అంతయ్యను మాట్లాడుతున్న. నాకు చెప్పుర్రి,” అన్నాడు.

అంతయ్య ఫోను కట్టేసి తన జేబులోనే వేసుకున్నాడు. మండపం మీద రమ్య రెండు చేతులా తలంబ్రాలు తోడి పెళ్లికొడుకు నెత్తిన పోస్తూనే ఉంది. అత్తగారి వైపువాళ్లు చాలు చాలన్నా వినలేదు.