కుంకుమ కడిగాక అన్న మాట

ముందు చప్పుడు వినిపిస్తుంది. ఫట్. ఒక క్షణం ఆగి, మళ్లీ ఫట్. తడిగుడ్డను రెండు చేతులా పట్టుకుని గాలిలోకి గట్టిగా విదిలిస్తే వచ్చే చప్పుడు. తిరుపతి రైల్వే స్టేషను వెనక సందుల్లో, లాడ్జీల మేడల మీద, రోజూ పొద్దు ఆ చప్పుడుతోనే మొదలవుతుంది. కొండల మీది ఎండ ఊళ్లోకి దిగకముందే తెల్ల దుప్పట్లు తీగెల మీదికి ఎక్కుతాయి. రాత్రి వాటి మీద పడుకున్నవాళ్లు ఈపాటికి ఏ క్యూలోనో నిలబడి ఉంటారు. వాళ్ల నిద్రంతా ఇక్కడ గాలికి ఊగుతూ ఆరుతుంటుంది.

ఆ తెలుపును పక్కకు తప్పించి ఒక కుర్రవాడు బయటికి వస్తాడు. సన్నగా, పొడుగ్గా, నోట్లో రెండు క్లిప్పులు కరుచుకుని. గిరి. పదిహేడేళ్లు. ఇంటర్ పరీక్షలు రాసి సెలవుల్లో ఉన్నాడు. అమ్మ నాగులమ్మ ఆ లాడ్జిలో దుప్పట్లు ఉతుకుతుంది. నాయన వెంకటముని పాకాల దగ్గర ఒక మామిడి తోటకు కావలి; కాయ దిగేదాకా ఇంటి ముఖం చూడడు. మా మేడకూ ఆ మేడకూ మధ్య ఒక సందే అడ్డం. ఈ కథంతా ఆరుతున్న దుప్పట్ల నీడలో కూర్చుని, రోజుకు కొంచెంగా అతనే చెప్పాడు. రెండేళ్ల కిందటైతే చెప్పగలిగేవాడు కాదు. అప్పట్లో నోట్లో క్లిప్పులు లేకపోయినా గిరి మాట్లాడేవాడు కాదు.

గిరి మాటలన్నీ ధనా నోట్లో ఉండేవి.

ధనా అంటే ధనంజయ. పక్కింటి పిల్లవాడు. రెండిళ్లకూ ఒకటే గోడ. ఒకటో తరగతి నుంచి ఒకటే బెంచీ. క్లాసులో ధనా లేచి, "సార్, లెక్క గిరికి వచ్చినాది సార్, సెప్పేదానికి సిగ్గు వానికి," అనేవాడు. మునిప్రసాద్ టీ అంగడి ముందు, "రెండు టీ అన్నా. ఒకదాంట్లో సక్కెర తక్కువ. వాణ్ణి అడగొద్దు, వాడు సెప్పడు," అనేవాడు. గిరి పక్కన నిలబడి నవ్వేవాడు. తనకేం కావాలో తనకన్నా ముందే తెలిసినవాడు ఒకడు లోకంలో ఉండటం, ఎండాకాలంలో చెట్టు నీడలా ఉండేది అతనికి. నీడకు కృతజ్ఞతలు చెప్పాలని ఎవరికీ తోచదు.

చిన్నప్పుడు గిరికి కామెర్లు వచ్చి కళ్లు పసుపు ముద్దలయ్యాయి. నాగులమ్మ గంగమ్మకు మొక్కుకుంది. బిడ్డ దక్కితే, చదువయ్యేదాకా ఏటేటా జాతరలో వాడికి చీర కట్టి తీసుకొస్తానని. గంగమ్మ జాతర వారం రోజులు తిరుపతి వేషం కడుతుంది. రోజుకొక వేషం. చివరి మంగళవారం నాడు మీసాలున్న మగవాళ్లు కూడా చీరలు కట్టి, పూలు పెట్టుకుని, మొక్కు తీర్చుకోవడానికి గుడికి వెళతారు. ఆ రోజు నాగులమ్మ కొడుకుకు తన చీరే కట్టేది. తన మెడలోని గొలుసు తీసి వాడి మెడలో వేసేది. ఆమెకున్న బంగారమంతా అదే. ఆ గొలుసులో ఎన్ని వేల దుప్పట్ల తడి ఉందో ఆమెకే తెలుసు. గొలుసు చివర చిన్న డాలర్, దాని మీద గంగమ్మ ముఖం.

పదిహేనో ఏట, ఆ మంగళవారం, గుడి దగ్గర తోపులాటలో గొలుసు కొక్కెం ఊడింది. గిరి భయపడి, గొలుసు తీసి ధనా అరచేతిలో పెట్టాడు. ధనా ఆ రోజు వేషంలో లేడు. ప్యాంటుకు జిప్పు ఉన్న జేబు ఉంది. అంతకన్నా భద్రమైన చోటు గిరికి ఇంకొకటి తెలియదు.

ఇంటికి తిరిగొచ్చేటప్పుడు అడిగాడు. అడగడమంటే, చెయ్యి చాపాడు.

"ఏందిరా?" అన్నాడు ధనా. "నీకే ఇచ్చేస్తిని గదరా! గుడి ముందర. రైకలో దోపుకుంటివి. సూసుకో సరిగ్గా."

గిరి చూసుకున్నాడు. లేదు. డప్పుల మోతలో, వేపాకు వాసనలో, ఎవరి చెయ్యి ఎవరిదో తెలియని ఆ తోపులాటలో తనకు గుర్తున్నదే నిజమని ఎలా నమ్మడం? ధనా అన్నాడంటే అంతే అయివుంటుంది. ఇన్నేళ్లూ తన మాటలు వాడే చెప్పాడు. ఈసారి తన జ్ఞాపకం కూడా వాడే చెప్పాడు.

ఇద్దరూ వెనక్కి వెళ్లి వెతికారు. ధనాయే ఎక్కువ వెతికాడు. కాలువలోకి దిగి బురదలో చేతులు పెట్టి దేవులాడాడు. గాజుపెంకు గుచ్చుకుని వేలు తెగితే గిరి తన కొంగు చింపి కట్టు కట్టాడు. ఆ కట్టు గురించి చెప్పినప్పుడు మాత్రం గిరి కాసేపు లేచి వెళ్లి, ఆరిన దుప్పట్లనే మళ్లీ తడిమి వచ్చాడు.

నాగులమ్మకు కూడా ధనాయే చెప్పాడు. "అత్తా, వాణ్ణేమీ అనొద్దు. జనంలో యాడో జారిపోయినాది. నేనుండీ సూసుకోలేకపోతిని."

నాగులమ్మ గొలుసు లేని మెడలో పసుపుతాడు కట్టుకుంది. కానీ వీధికి నోరుంటుంది. ఆ పిల్లోడు గొలుసు అమ్మేసి ఏదో కొనుక్కున్నాడని ఎవరో అన్నారు, ఎవరో విన్నారు. ఒకరోజు దుప్పటి పిండుతూ, ముఖం చూడకుండా, ఆమె అడిగేసింది. "రే, నిజం సెప్పు. అమ్మేసినావా?"

గిరి నోరు తెరిచాడు. మాట రాలేదు. రాని మాటను ఆమె ఏమనుకుందో ఆమె ముఖంలో కనిపించింది. దుప్పటి రెండో కొనను అతని చేతికిచ్చి, "పట్టుకో, పిండు," అంది. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. గొలుసు పోయిన దుఃఖం కాదు గిరిది. అమ్మ అడగడం మానేసిన దుఃఖం.

చలికాలంలో ధనాకు జ్వరం వచ్చింది. గిరి చూడబోయాడు.

"వచ్చినావా అప్పా! నా సెల్లు సచ్చిపోయినాది. బ్యాగులో సార్జర్ ఉండాది, తియ్యి."

బ్యాగు లోపలి జిప్పు తీస్తే ఛార్జర్ పక్కన చిన్న పసుపుగుడ్డ మూట. గుడ్డ మధ్యలో చిటికెడు కుంకుమ, కుంకుమలో గంగమ్మ ముఖం. అమ్మ మెడలోని డాలరే. గొలుసును అమ్ముకోగలిగినవాడు అమ్మవారిని అమ్ముకోలేకపోయాడు. పారేయడానికీ భయమే. పసుపులో చుట్టి, పుస్తకాల మధ్య పూజగా దాచుకున్నాడు.

గిరి మూట మళ్లీ కట్టేశాడు. జిప్పు వేశాడు. ఛార్జర్ ఇచ్చాడు. దుప్పటి సరిగా కప్పి ఇంటికి వచ్చేశాడు.

ఆ డాలర్ ఎందుకు తెచ్చుకోలేదని అడిగితే అతను వింతగా చూశాడు. "తెచ్చి అమ్మకిస్తే ఏమనుకుంటాదన్నా? గొలుసు అమ్మినోణ్ణి నేనే, డాలర్ దాసినోణ్ణీ నేనే అనుకుంటాది."

నిజమే. డాలర్ గిరి చేతికి వస్తే అది గిరి మీదే సాక్ష్యం చెబుతుంది. అది ధనా చేతి నుంచి రావాలి. లేదా మాట గిరి నోటి నుంచి రావాలి. రెండూ జరగనివే. మరుసటి రోజు నుంచి మళ్లీ అదే బెంచీ, అవే రెండు టీలు. ధనా మాట్లాడుతూనే ఉన్నాడు. గిరి పక్కన నవ్వుతూనే ఉన్నాడు. వేసవి దాకా.

జాతర చాటింపు వేసిన రోజు గిరి అమ్మ దగ్గరికి వెళ్లి, "గురువారం బండ ఏషం ఏస్తా," అన్నాడు.

నాగులమ్మ నవ్వింది. చాలా రోజుల తర్వాత. "నువ్వా? ఎంగిలి మింగేదానికే ఆలోసన సేసేటోడివి, బండ ఏషం యాలరా నీకు?"

బండ వేషమంటే ఒళ్లంతా కుంకుమ పూసుకుని వీధుల్లో తిరగడం, కనిపించినవాళ్లను నోటికొచ్చినట్టు తిట్టడం. ఎంత మాటైనా అనవచ్చు. పడ్డవాళ్లు కోపం పెట్టుకోకూడదు, ఎదురు చెప్పకూడదు. ఆ తిట్టు అమ్మవారి దీవెన. పడితే మంచిదని ముసలివాళ్లు అరుగుల మీద కాచుకుని కూర్చుంటారు.

గురువారం పొద్దున ఆమే కొడుకు ఒంటికి కుంకుమ పూసింది. చేతికి వేపమండ ఇచ్చింది. ఎర్రగా, గుర్తుపట్టలేనట్టుగా, గిరి వీధిలోకి వచ్చాడు.

మొదట గొణిగాడు. మునిప్రసాద్ చేతులు జోడించి ఎదురొచ్చాడు. "నాయనా, ఈ యేడు యాపారం బాగలేదు. ఒక మంచి తిట్టు తిట్టి పో."

"పాలంటే ఎరగని టీ అమ్మేటోడా!"

వీధి ఘొల్లుమంది. "అబ్బా, నోరుండాదే వీనికి!" అన్నారెవరో. ఎవరి గొంతో తన గొంతులోంచి వచ్చినట్టు గిరికే అనిపించింది. కుంకుమ వెనక అతను లేడు. లేనివాడికి సిగ్గేముంది?

ధనా ముందుకొచ్చాడు. ఎప్పటిలాగే పక్కన నిలబడి, అందరికీ వినబడేట్టు, "గట్టిగా తిట్టరా! అమ్మోరికి ఇనబళ్లేదంట!" అన్నాడు.

గిరి అతని వైపు తిరిగాడు.

"మా అమ్మ గొలుసు మింగినోడా! మింగి కాలవలో దేవులాడినోడా! నీ ఏలికి గుడ్డ కట్టినా గదరా నేను! అమ్మోర్ని పసుపుగుడ్డలో సుట్టి బ్యాగులో పెట్టుకోని నిద్దరెట్ల పోతాండావురా!"

జనం పడీ పడీ నవ్వారు. "ఇంగా! ఇంగా తిట్టు!" అని ఈలలు వేశారు. ధనా నవ్వడానికి ప్రయత్నించాడు. నవ్వు సగంలో నిలిచిపోయింది. ఆచారం ప్రకారం చేతులు జోడించాడు. తల వంచాడు. జోడించిన చేతుల్లో తెగిన వేలిని లోపలికి మడుచుకోవడం ఇద్దరే చూశారు. ఒకరు గిరి. రెండోవారు, గడపలో అంబలి చెంబుతో నిలబడ్డ నాగులమ్మ.

మధ్యాహ్నం పెరట్లో బండ మీద కూర్చోబెట్టి ఆమె కొడుకు వీపు రుద్దింది. ఎర్రటి నీళ్లు మెల్లగా తూము వైపు పారుతున్నాయి.

"ఏషంలో అన్న మాట ఏషంతోనే పోవాల," అంది. "ఇంట్లో ఎత్తగూడదు. అమ్మోరికి ఒప్పదు."

గిరి ఎర్రనీళ్లను చూస్తూ ఉండిపోయాడు. ఏడాదంతా మోసిన మాట కూడా తూములోకి పోతున్నట్టే ఉంది. ఊరంతా విన్నది. ఊరంతా నవ్వింది. అది ఇక ఎక్కడా మాట కాదు. ఎరుపు పోయి నీళ్లు తేటగా వచ్చేదాకా ఆగాడు. అప్పుడు తలెత్తాడు.

"ఇప్పుడు ఏషం లేదు మా. నువ్వే కడిగేసినావు. ఇప్పుడు సెప్తా ఉండా. నేను అమ్మలేదు. వాని సేతికిచ్చినా."

ఆమె చెయ్యి ఆగింది. "పోయినేడు అడిగితి గదరా. అప్పుడే సెప్పుండొచ్చు గదా," అంది.

"వాడు సెప్పేసినాడు గదమ్మా."

నాగులమ్మ మిగిలిన నీళ్లు కొడుకు నెత్తి మీద, పసిబిడ్డకు పోసినట్టు, సన్నటి ధారగా పోసింది. ఆ ధార తన ముఖం మీద పడుతున్నంతసేపూ అమ్మ ఏడుస్తున్నదీ లేనిదీ తెలియలేదని గిరి అన్నాడు. కానీ ఆ రాత్రి అన్నం పెడుతూ ఆమె మళ్లీ ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది. కూరలో ఉప్పు సరిపోయిందా, పరీక్షలు ఎట్ల రాసినావు, నాయనకు ఫోన్ చేసినావా. ఒక్కోదానికీ గిరి జవాబు చెప్పాడు.

మంగళవారం చీర కట్టి, మెడకు పూలదండ మాత్రం వేసి, ఆమే కొడుకు చెయ్యి పట్టుకుని గుడికి తీసుకెళ్లింది. తిరిగొచ్చేసరికి వీధి మొదట్లో ధనా నిలబడి ఉన్నాడు. గిరి వైపు చూడలేదు. పసుపుగుడ్డ మూట నాగులమ్మ చేతిలో పెట్టాడు. అలవాటుగా నోరు తెరిచాడు.

"అత్తా, ఆ పొద్దు ఏమైందంటే..."

"నువ్వు సెప్పొద్దు నాయనా," అంది నాగులమ్మ, మెల్లగానే. "మావోడు సెప్పినాడు."

బంగారం తిరిగి రాలేదు. డాలర్‌ను ఆమె పసుపుతాడుకే గుచ్చుకుంది. ధనా ఎవరిదో బండి అడిగి తీసుకెళ్లి గుద్దేశాడనీ, బాగుచేయించే డబ్బు ఇవ్వకపోతే ఇంటికొచ్చి చెబుతానని బండివాడంటే, నాయన చేతి దెబ్బలకు భయపడి గొలుసు అమ్మేశాడనీ తర్వాత తెలిసింది. విని నాగులమ్మ, "నన్నడిగుంటే ఇచ్చుందునేమో," అంది. ఇచ్చేదో లేదో ఆమెకే తెలియదు.

ఇదంతా జరిగి ఏడాదైంది. మళ్లీ జాతర చాటింపు వేశారు. ధనాతో మాటలున్నాయా అని నిన్న అడిగాను. గిరి దుప్పటి మడత పెడుతున్నవాడల్లా ఆగి, సందులోకి ఒకసారి తొంగి చూశాడు.

"ఎదురైతే నవ్వుతాడన్నా, నేనూ నవ్వుతా, అంతే. ఈ తూరి బండ ఏషం వాడెయ్యాల. వీధిలో నిలబెట్టి నన్ను తిట్టాల. ఆ డాలర్ సూసినాక గూడా అన్ని నెల్లు, ఏమీ తెలీనట్టు, వాని పక్కనే కూసోని వాని టీ తాగినా గదా నేను."