కొత్త పేజీ మీద చావు కబురు

సాయంత్రం షాపు కట్టేసే వేళకి ఒకాయన వచ్చి, వాళ్ల అమ్మాయి పెళ్లికార్డు నా చేతికిచ్చి తప్పకుండా రావాలని చెప్పి వెళ్లారు. నాలుగు మూలలా పసుపు రాసిన కార్డు. ఇంటికి తెచ్చేసరికి మా పాప దాన్ని లాక్కుని ఒక మూల నోట్లో పెట్టుకుంది. ఇప్పుడు నిద్రపోతోంది. చెంప మీద పసుపు మరక అలాగే ఉంది. ఊపిరి సరిగ్గా ఆడుతోందో లేదోనని మధ్యమధ్య ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటూ ఇది రాస్తున్నాను. పసుపూ, అచ్చు సిరా కలిసిన ఈ వాసన ఎక్కడ తగిలినా నాకు మాణిక్యాంబగారు గుర్తొస్తారు.

నరసాపురంలో ఆవిడ చాలాకాలం టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. టైపు మిషన్ల రోజులు అయిపోతున్నాయని అందరికంటే ముందు పసిగట్టి, వాటిని తీసేసి, రెండు కంప్యూటర్లతో శుభలేఖల షాపు పెట్టారు. అప్పటికే ఆవిడ భర్త పోయారు. భర్త పోయినావిడ చేత పెళ్లికార్డులు వేయించుకోవడమేంటని బజారులో చెవులు కొరుక్కున్నారు. ఆవిడ బొట్టు తీయలేదు, వెనక గదిలోకి జరగలేదు. వీధికి ఎదురుగా టేబులు వేయించుకుని కూర్చున్నారు. మొహమాటపడుతూ నిలబడ్డ వాళ్లతో, "ముహూర్తం పెట్టేది పంతులుగారు, తాళి కట్టేది పెళ్లికొడుకు. నేను మధ్యలో అక్షరాలు పేర్చేదాన్ని. నా బొట్టుతో మీకేం పనండీ" అనేవారు. సగంమంది వెళ్లిపోయేవారు. మిగతా సగంతో షాపు నడిచేది.

బీకాం చదివి, పెళ్లయి ఆ ఊరొచ్చిన నేను అక్కడ ఆపరేటరుగా చేరాను. నాకు ప్రతిదానికీ భయమే. ఒక కార్డుని పదిసార్లు చూసుకుని కూడా ప్రింటు బటన్ నొక్కడానికి తటపటాయించేదాన్ని. "అమ్మాయ్, అది కాగితమే. కరవదు" అని ఆవిడ తన టేబులు దగ్గర్నుంచే అనేవారు.

మాఘమాసం పెళ్లిళ్ల రోజుల్లో జరిగింది ఈ సంగతి. ఒక పొద్దున వర్డ్ తెరిచి కొత్త పేజీ తీస్తే, తెల్లగా ఉండాల్సిన పేజీ మీద నల్లటి అంచు, పైన "శివైక్యం" అన్న అక్షరాలు, కింద "తెలియజేయుటకు చింతిస్తున్నాము" అన్న మాటలు ప్రత్యక్షమయ్యాయి. ముందురోజు ఎవరిదో పెద్దకర్మ కార్డు చేశాం. అదే మిగిలిపోయిందనుకుని చెరిపేశాను. ఇంకో కొత్త పేజీ తీస్తే మళ్లీ అదే. ఎన్నిసార్లు చెరిపినా, తర్వాతి పేజీ ఆ చావు కబురుతోనే పుట్టేది. కంప్యూటర్ ఆపి వేసినా అంతే. ఎవరైనా వచ్చే అలికిడైతే చాలు, గబగబా చెరిపేసి పేజీ సిద్ధంగా ఉంచేదాన్ని.

మూడోరోజు దొరికిపోయాను. మొగల్తూరు నుంచి రొయ్యల చెరువుల రాజుగారు ఒకరు, కూతురి శుభలేఖ కోసం వచ్చి సరిగ్గా నా వెనక నిలబడ్డారు. నేను కొత్త పేజీ తీశాను. ఆయన తెర మీద అక్షరాలు చదివారు. తర్వాత మాణిక్యాంబగారి వైపు తిరిగి, "శుభమా అని వస్తే ఇదేంటండీ" అని, తెచ్చిన మేటరు కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. సాయంత్రానికల్లా ఆ మాట బజారంతా పాకింది. ఆవిడ కూర్చునే చోట అంతకంటే ఏం వస్తుందన్నారు. ఒకరు నిమ్మకాయ కట్టమన్నారు. కంప్యూటర్ మెకానిక్ వచ్చి వైరస్ అన్నాడు, వర్డ్ మొత్తం తీసేసి మళ్లీ వేశాడు. తెరిస్తే శివైక్యం. ఇక సిస్టమంతా ఫార్మాట్ కొట్టడమే దారి అన్నాడు. అలా చేస్తే అన్నాళ్లుగా చేసిన కార్డులన్నీ పోతాయి. ఆవిడ వద్దని పంపేశారు.

అప్పుడు నాకు మూడో నెల. అంతకుముందు ఒకసారి నిలవలేదు. సంగతి తెలిసి మా అత్తయ్యగారు నన్ను కోప్పడలేదు, దగ్గర కూర్చోబెట్టుకుని బతిమాలారు. పొద్దున్నే అలాంటివి కళ్లబడితే కడుపులో బిడ్డకి మంచిది కాదు, మానెయ్యమ్మా అన్నారు. ఆవిడ మాట కొట్టిపారేసే ధైర్యం నాకు లేదు. నిజం చెప్పాలంటే, నేనూ నమ్మాను. పొద్దున్న కంప్యూటర్ వేస్తుంటే నా చెయ్యి తెలియకుండానే పొట్ట మీదకి పోయేది.

మర్నాడు షాపుకెళ్లి, మానేస్తానని మాణిక్యాంబగారికి చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి టేబులు మీద పెట్టారు.

"పోయినసారి పోయింది కదమ్మా. అప్పుడు ఏ కార్డు చూశావు?"

అప్పుడు నేను ఇంకా షాపులో చేరలేదు. ఇంట్లో, మంచం మీద, అందరూ చెప్పినట్టే ఉన్నాను. అది గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ఆవిడ ఓదార్చలేదు. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. "మానడం నీ ఇష్టం. కానీ భయపడి వెళ్లకు. దీన్ని నీ చేత్తో తీసేసి వెళ్లు" అన్నారు.

ఇద్దరం కలిసి హెల్ప్ తెరిచి, ఇంగ్లీషులో ఉన్నదంతా మొదటినుంచీ చదివాం. నేను చదవడం, ఆవిడ ఆపి మళ్లీ చదివించడం. మధ్యాహ్నం దాటాక దొరికింది. కొత్త పేజీ దానంతటది పుట్టదట. నార్మల్ అనే ఒక ఫైలు ఉంటుంది, దాన్ని టెంప్లేట్ అంటారు, ప్రతి కొత్త పేజీ దానికి నకలే. ఆ పెద్దకర్మ కార్డు ఎలాగో పోయి అందులో సేవ్ అయింది. వర్డ్‌ని తీసేసి మళ్లీ వేసినా ఆ పాత ఫైలు మాత్రం చెక్కుచెదరదు. ఆవిడ తొడ చరిచి నవ్వారు. "జంతికల గొట్టంలో ఏ బిళ్ల ఉంటే ఆ ఆకారమే దిగుతుంది. మనం ఇన్నాళ్లూ పిండిని తిడుతున్నాం."

ఫైలు వెతికి పట్టుకున్నాం. డిలీట్ చేయబోతే ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. చెరపక్కర్లేదు, పేరు మార్చి పక్కన పెట్టు, అది కనబడకపోతే కొత్తది తనే చేసుకుంటుందని రాసుందిగా అన్నారు. పాత నార్మల్ అని పేరు మార్చాను. ఎంటర్ కొట్టాను. వర్డ్ తెరిచాను. తెల్లటి పేజీ. ఒక్క అక్షరం లేదు.

దానితోపాటు మేం పెట్టుకున్న తెలుగు ఫాంటూ, మార్జిన్లూ, షార్ట్‌కట్లూ కూడా పోయాయి. నేను బెంగపడ్డాను. "పాతది పక్కన పెడితే అందులోని మంచీ పోతుంది. కావలసినవి మనమే మళ్లీ పెట్టుకుందాం, కూర్చో" అన్నారు. కూర్చున్నాను. ఉద్యోగం మానలేదు. ఆ రాజుగారు మాత్రం తిరిగి రాలేదు.

పాప పుట్టింది కాబట్టి మాణిక్యాంబగారు గెలిచారని నేను చెప్పను. పుట్టకపోయినా ఆవిడ అడిగిన ప్రశ్న నిజమే. అత్తయ్యగారు పాపకి పెట్టే నలుగూ, సాంబ్రాణి పొగా నేను మళ్లీ పెట్టుకున్నవి. దిష్టి భయం, పోయిన బిడ్డకి నేనే కారణమన్న మాట, ఇవి పాత పేరుతో ఎక్కడో పక్కన ఉన్నాయి. అప్పుడప్పుడు తెరుచుకుంటాయి. చెరిగిపోయాయని అబద్ధం చెప్పలేను.

పోయిన నెల మాణిక్యాంబగారు పోయారు. కొన్నాళ్లుగా షాపు నేనే చూసుకుంటున్నాను కనుక ఆవిడ పెద్దకర్మ కార్డు కూడా నేనే చెయ్యాల్సి వచ్చింది. చంటిబిడ్డ తల్లివి, ఇంకెవరిచేతైనా చేయించమని చుట్టుపక్కల వాళ్లన్నారు. పాపని ఒళ్లో కూర్చోబెట్టుకునే చేశాను. ఆవిడ పేరు పక్కన శివైక్యం అని టైపు చేస్తుంటే పాప నా చెయ్యి పట్టుకుని కీబోర్డు మీద బాదింది. అది కొట్టిన అక్షరాలు చెరిపి, కార్డు ముగించి, సేవ్ చేసి మూసేశాను.

అప్పటికే బయట పెళ్లివారు శుభలేఖ కోసం ఎదురుచూస్తున్నారు. వాళ్లని లోపలికి పిలిచి, నా వెనకే నిలబడమన్నాను. వాళ్లు చూస్తుండగానే కొత్త పేజీ తీశాను.