ఒకే దండతో ఇద్దరికి స్వాగతం

మా చిన్నప్పుడు... ఊళ్ళోకి కొత్త ఉద్యోగి వస్తున్నాడంటే పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేసేవాళ్ళు. గోలీసోడాలు వచ్చేవి. తెనాలి నుంచి బంతిపూల దండ వచ్చేది. ఆ రోజు కూడా అన్నీ వచ్చాయి... దండ మాత్రం ఒక్కటే వచ్చింది. గొడవంతా అక్కడే మొదలైంది.

మాది వేమూరు దగ్గర కాలవ పక్క ఊరు. ఆ రోజు చేరిన కొత్తవాళ్ళు ఇద్దరు. పంటల సంగతులు చెప్పడానికి ఒక సారు. పిల్లల తిండి, పొగ రాని పొయ్యి, పెరట్లో కూరగాయల మడి... ఇలాంటివి ఆడవాళ్ళకి నేర్పడానికి శారద మేడం. ఇద్దరికీ అదే మొదటి ఉద్యోగం. ఇద్దరికీ పెళ్ళి కాలేదు. ఈ చివరి ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి.

మేడం మా ఇంట్లోనే ఉండాలని ముందే అనుకున్నారు. అమ్మ ముందు గదికి సున్నం కొట్టించి, మంచానికి కొత్త నవారు అల్లించి, పొద్దుట్నుంచీ వీధిలోకీ ఇంట్లోకీ తిరుగుతూనే ఉంది. నేనైతే బళ్ళో అందరి దగ్గరా తెగ గొప్పలు పోయాను.

మేడంని దిగబెట్టడానికి బాపట్ల నుంచి వాళ్ళ నాన్నగారు వచ్చారు. తెల్ల పంచె, చేతిలో గొడుగు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. సోడా ఇస్తే తాగలేదు. కూతురి వైపు ఒకసారి, రోడ్డు వైపు ఒకసారి చూస్తూ "తెనాలి బస్సు మళ్ళీ ఎప్పుడండీ?" అని కనపడ్డవాళ్ళందర్నీ అడుగుతున్నారు.

షామియానా కింద ఉన్నది మగవాళ్ళూ, పిల్లలూ. ఆడవాళ్ళ కోసం వచ్చిన మేడంని చూడటానికి ఒక్క ఆడమనిషినీ పిలవలేదు... ఆ విడ్డూరం అప్పుడు ఎవరికీ విడ్డూరంగా అనిపించలేదు.

ప్రెసిడెంటు గారు మైకులో బోలెడంత మాట్లాడి సారు మెడలో దండ వేశారు. చప్పట్లు కొట్టాం. తర్వాత మేడం వైపు తిరిగారు. చూస్తే రెండో దండ లేదు! మా ఊళ్ళో అప్పటిదాకా దండలన్నీ మగవాళ్ళ మెడల్లోనే పడ్డాయి మరి.

ఆయన మంచిమనిషే. ఊరికి వచ్చిన పిల్లకి మర్యాద తక్కువ చేయడానికి మనసొప్పలేదు. అలాగని పెళ్ళికాని పిల్ల మెడలో తను దండ వేస్తే బాగుండదనుకున్నారు. కాసేపు ఆలోచించి, సారుతో, అదీ మైకులోనే... "మీ ఇద్దరిదీ ఒకే డిపార్టుమెంటు కదా బాబూ. ఆ దండ తీసి మీరే అమ్మాయి మెడలో వేసేయండి" అన్నారు.

సారు అసలే కంగారు మనిషి. మారు మాట్లాడకుండా తన మెడలోది తీసి మేడం మెడలో వేసేశాడు.

వెనక నుంచి ఎవడో నోటితో సన్నాయి మేళం అందుకున్నాడు. ఇంకేముంది... అందరూ పగలబడి నవ్వడమే. మేడం తల దించేసుకుంది. వాళ్ళ నాన్నగారి ముఖం కందగడ్డ అయిపోయింది.

"పద తల్లీ! ఉద్యోగమూ వద్దు, ఏమీ వద్దు. మన ఊళ్ళో తెలిస్తే తలెత్తుకు తిరగగలమా?" అంటూ పెట్టె అందుకున్నారు.

మేడం దండ తీసి కుర్చీ మీద పెట్టి ఆయన వెనకే నడిచింది. ఏడుపు ఆపుకుంటోందని నాకు తెలుస్తూనే ఉంది. నాకూ ఏడుపొచ్చింది. కొత్త నవారు మంచం ఉత్తదే అయిపోతుందనిపించింది.

బస్సు ఆగే చోట ఆయన అటూ ఇటూ పచార్లు చేస్తున్నారు. గొడుగు తెరుస్తున్నారు, మూస్తున్నారు. ప్రెసిడెంటు గారు చేతులు జోడించి ఏదో చెబుతుంటే వినిపించుకోవడం లేదు.

అప్పుడొచ్చింది అమ్మ. చేతిలో కుంకుమ భరిణె, వెనకాల మా వీధి ఆడవాళ్ళంతా.

"బాబాయి గారూ, అది మగాళ్ళు చేసిన పరిచయమండీ. ఆళ్ళకి చాతనైంది అంతే. మేం ఇంకా అమ్మాయిని చూడనే లేదు... మేం చూశాక తీసుకెళ్ళండి" అంది.

ఆయన ఏమీ అనకముందే అమ్మ మేడం నుదుట బొట్టు పెట్టేసింది. చంకలో పిల్లతో ఉన్న ఒకావిడ "దీనికి అన్నం ఎప్పుడు మొదలెట్టొచ్చమ్మా?" అని అడిగింది. ఇంకొకావిడ "పొయ్యి పొగకి కళ్ళు పోతున్నాయి తల్లీ, ఏంటి దారి?" అంది. మేడం కొంగుతో కళ్ళు తుడుచుకుని మొదటావిడకి జవాబు చెప్పింది. తర్వాత రెండో ఆవిడకి. కాసేపటికి చూస్తే మేడం పక్కనే ఉన్న కాలవ వంతెన గట్టు మీద కూర్చుని ఉంది, ఆ చంటిపిల్ల మేడం ఒళ్ళో ఉంది.

బస్సు వచ్చింది. నాన్నగారు పెట్టె ఎత్తారు.

"నాన్నా, మీరెళ్ళండి. నేను శనివారం వస్తాను" అంది మేడం.

ఆయన కూతుర్నీ, ఒళ్ళో పిల్లనీ చాలాసేపు చూశారు. కండక్టరు విజిల్ మీద విజిల్ వేస్తున్నాడు. చివరికి పెట్టె అమ్మ చేతికిచ్చి "జాగ్రత్తమ్మా" అని ఎక్కేశారు. కాలవ మలుపు తిరిగేదాకా ఆయన తల కిటికీ బయటే ఉంది.

ఈ వేళ మా అమ్మాయి రేపల్లె దగ్గర ఒక ఊళ్ళో వ్యవసాయ సహాయకురాలిగా చేరుతోంది. నేనూ వస్తానంటే నవ్వింది. "ఎందుకమ్మా? పరిచయం నిన్ననే అయిపోయింది. ఊరి వాట్సాప్ గ్రూపులో నా ఫోటో పెట్టారు... అందరూ నమస్కారం బొమ్మలు పెట్టారు" అంది.

తెనాలిలో బస్సు ఎక్కించి వచ్చిన దగ్గర్నుంచీ నాకు కాలు నిలవడం లేదు. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. ఫోను తీస్తున్నాను, పెడుతున్నాను. ఇప్పుడు షామియానా లేదు, సన్నాయి ఊది నవ్వేవాళ్ళూ లేరు. మంచిదే... కానీ కుంకుమ భరిణె పట్టుకుని ఎదురొచ్చే అమ్మలాంటి మనిషి అక్కడ ఒక్కరైనా ఉన్నారా?

మీ ఊరికి కొత్తగా వచ్చిన సారునో, మేడంనో మీవాళ్ళు ఎలా కలుపుకున్నారో కింద రాయండి... మా అమ్మాయి ఫోను వచ్చేదాకా చదువుకుంటూ కూర్చుంటాను.