కరెంటు లేని రాత్రి చెరువు చప్పుడు

ఇన్నాళ్ళూ పిల్లలకు అన్నం వడ్డించిన చెయ్యి ఇది. దీని మీద ప్రమాణం చేసి చెబుతున్నాను, ఒక్క మాట కూడా కల్పించలేదండీ.

తాడేపల్లిగూడెం దగ్గర ఒక యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టల్లో మెస్ పని నాది. రాత్రిళ్ళు అక్కడే పడుకుంటాను. ఆకివీడు నుంచి కెజియా అనే పిల్ల వచ్చి చదువుకుంటోంది. "పిన్నిగారూ, మీ సాంబారులో ముక్క దొరికితే బహుమతేంటండీ?" అని ఏడిపించేది. వేసవిలో వాళ్ళ నాన్న రొయ్యల చెరువు కాపలా కాస్తూ చనిపోయాడు. సెలవులయ్యి తిరిగొచ్చాక ఆ పిల్లలో ఆ నవ్వు లేదు. అన్నం కెలికి లేచిపోయేది.

ఒకరోజు తన కొత్త చున్నీలన్నీ పక్క గదివాళ్ళకు పంచేసింది.

"నీకక్కర్లేదామ్మా?"

"నాకెందుకులెండి."

ఆ మాట తీరు నాకు నచ్చలేదు. వార్డెన్ మేడంకు చెప్పాను. ఆవిడ వెళ్ళి పలకరిస్తే, తలనొప్పని తలుపేసుకుంది. "కనిపెట్టుకుని ఉండండి. ఏ వేళైనా నన్ను లేపండి" అన్నారు మేడం.

ఆ రాత్రి కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. అప్పుడు వినపడింది...

చప... చప... చప...

రొయ్యల చెరువులో రాత్రంతా నీళ్ళు చిలికే చక్రాలుంటాయే... అదే చప్పుడు. మా చుట్టుపక్కల చెరువే లేదు!

ఫోన్ లైటుతో వరండాలో నడిచాను. నీచు వాసన. ఒక్కో తలుపుకూ చెవి ఆనించాను. కెజియా గది దగ్గర... చప్పుడు పెరిగింది.

తలుపు తట్టాను. గడియ తీసింది. చీకట్లో కళ్ళు మాత్రమే కనిపించాయి.

"మీకూ... వినపడుతోందాండీ?"

అబద్ధం చెప్పలేకపోయాను. "వినపడుతోందమ్మా."

గోడకు జారి కూర్చుంది. "నాన్న పిలుస్తున్నాడండీ. వెళ్ళిపోదామనుకున్నాను."

"చచ్చిపోదామనా తల్లీ?"

తలూపింది.

చెయ్యి పట్టుకున్నాను. వదలకుండానే మేడంకు ఫోన్ చేశాను. చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చారు. తిట్టలేదు, నీతులు చెప్పలేదు. పక్కన కూర్చుని, "మీ నాన్న గురించి చెప్పమ్మా" అన్నారు. తెల్లారేదాకా చెబుతూ ఏడ్చింది. చప్పుడు ఎప్పుడాగిందో తెలీదు. పొద్దున్నే వాళ్ళమ్మను పిలిపించి, ఏలూరులో డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళారు.

ఇప్పుడు కెజియా మళ్ళీ సాంబారులో ముక్కలు వెతుకుతోంది. తనకిక వినపడటం లేదట. మేడంను అడిగితే, "ఏ చప్పుడండీ?" అన్నారు.

కరెంటు పోతే ఇప్పటికీ లేచి వరండాలో నడుస్తాను. ఒక్కో తలుపు దగ్గరా ఆగుతాను... ఆ రాత్రి ఆ తండ్రి పిలిచింది కూతుర్నో... కూతుర్ని కాపాడమని నన్నో...